తలుపు మూతపడే కూలర్

"డబ్బులొద్దు," అన్నాడు ముసలాయన.

యాజూ చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

తైపే కంప్యూటర్ మార్కెట్లో ఊరికే దొరికేవి కరపత్రాలు మాత్రమే.

ముసలాయన చేతిలో ప్రాసెసర్ వేడెక్కకుండా బిగించే కూలర్ పెట్టె ఉంది. సీలు తియ్యలేదు. మూలలు మాత్రం నలిగాయి. దాన్ని తిమింగలాల బొమ్మలున్న నీలం గుడ్డలో చుట్టి తెచ్చాడు.

"హోంగ్ మీరేనా?"

"నేనే. కంప్యూటర్ల గ్రూపులో ఫొటో పెట్టింది నువ్వేగా?"

పెట్టింది. ఆమె కంప్యూటర్ వేడెక్కి మాటిమాటికీ ఆగిపోతోంది. రేపు ఉదయానికి యానిమేషన్ సినిమా పంపకపోతే పోటీలోంచి పేరు కొట్టేస్తారు. ఏ కూలర్ కొనాలో చెప్పమని లోపలి భాగం ఫొటో తీసి పెట్టింది. అందరూ కంపెనీల పేర్లు చెప్పారు. ఈయనొక్కడే, 'ఎత్తుది కొనకు, క్యాబినెట్ తలుపు పట్టదు. సరిపోయేది నేను తెస్తాను, ఆదివారం గ్వో షాపు దగ్గరుంటాను' అని రాశాడు.

"తలుపు పట్టదని మీకెలా తెలుసు? నేను కొలతలివ్వలేదే!"

"ఫొటో చూశాగా."

"అంకుల్, అది చేత్తో చేసిన చెక్క క్యాబినెట్. అలాంటిది ఇంకోటి ఉండదు. 'మా అమ్మాయి ఇక వాడదు' అని ఒకావిడ అమ్మేస్తే కొన్నాను. దాని లోతు మీరు ఫొటోలో చూసేశారా?"

ముసలాయన గుడ్డ మీది తిమింగలాన్ని వేలితో తడిమాడు.

కౌంటర్ వెనకనుంచి ఓనర్ గ్వో అందుకున్నాడు. "పెద్దాయనా, నా షాపులో నిలబడి నా బేరమే చెడగొడుతున్నారు. కాస్త పక్కకి జరిగి చెడగొట్టండి!"

"అసలు ఊరికే ఎందుకిస్తున్నారు?" అంది యాజూ.

ముసలాయన గుమ్మం బయటి బల్లకేసి చూశాడు. చనిపోయినవాళ్ళు తిరిగొస్తారనే ఏడో నెల, దెయ్యాల నెల. గ్వో పెట్టిన పళ్ళూ బిస్కెట్ల ముందు అగరొత్తులు పొగలు కక్కుతున్నాయి.

"ఈ నెల పోయాక చెప్తానమ్మా. ఇప్పుడు చెప్తే భయపడతావు."

యాజూ ఒక అడుగు వెనక్కి వేసింది.

"బదులుగా ఏం కావాలి?"

"ఏం వద్దు. బిగించాక ఓసారి మీ ఇంటికొచ్చి అది నడిచే చప్పుడు వింటాను. కుదరకపోతే ఫోన్లో వినిపించినా చాలు."

ఇంటికా!

గ్వో ఆమె చెవి దగ్గర గొణిగాడు. "ఏడో నెలలో దారినపోయేవాడు ఊరికే ఇచ్చింది పుచ్చుకుంటే దెయ్యమొచ్చి పెళ్ళాడుతుందే పిల్లా. దెయ్యమైతే నయం, అడ్రసు అడగదు."

"నాకొద్దు అంకుల్," అంది యాజూ. "ఇంక గ్రూపులో కూడా నన్ను పలకరించకండి."

ముసలాయన పెట్టెని మళ్ళీ గుడ్డలో చుట్టాడు. ముడి వెయ్యడానికి చాలాసేపు పట్టింది.

"ఎత్తుది మాత్రం కొనకు తల్లీ. వేలెడు బయటికొస్తుంది."

ఆయన వెళ్ళగానే యాజూ షాపులో అన్నిటికంటే ఎత్తైనది కొంది.

మెట్రోలో కూర్చుని గ్రూపులో రాసింది: 'హోంగ్ అనే మనిషితో జాగ్రత్త. వస్తువు ఊరికే ఇస్తానని ఇంటికి రావాలని చూస్తాడు.'

స్టేషన్ రాకముందే హోంగ్‌ని గ్రూపులోంచి తీసేశారు. అందరూ ఆమెని మెచ్చుకున్నారు.

ఇంటికొచ్చి కూలర్ బిగించింది.

తలుపు పట్టలేదు. సరిగ్గా వేలెడు మిగిలింది.

తలుపు తీసే ఉంచి నడిపింది. లోపలికి గాలి తోసే పెద్ద ఫ్యాన్ ఆ తలుపుకే ఉంది. తలుపు పక్కకి వాలిపోయి, గాలంతా గదిలోకే పోయింది. సినిమా సగంలో ఉండగా కంప్యూటర్ వేడెక్కి ఆగిపోయింది.

తలుపుకి దుమ్మాపే గుడ్డ ఒకటి కుట్టి ఉంది. మురికితో అట్టకట్టింది. గాలి ఆడనివ్వట్లేదేమోనని, ఊడదీసి కుళాయి కింద పెట్టి నలిపింది.

నల్లటి నీళ్ళు కారాయి.

మురికి కిందనుంచి నీలం రంగు తేలింది.

ఆ నీలంలోంచి ఒక తిమింగలం. దాని పక్కన ఇంకోటి.

యాజూ తడిచేతులతోనే ఫోన్ అందుకుంది. గ్రూపులో హోంగ్ పేరు వెతికింది. పైకీ కిందికీ, మళ్ళీ పైకీ.

దొరకలేదు, చనిపోయిన కూతురి కంప్యూటర్ చప్పుడు ఒక్కసారి వినిపించమన్న ఆ తండ్రిని వెళ్ళగొట్టించింది తనే.