కిటికీకి దుప్పటి

"కిటికీలకు కర్టెన్లేవయ్యా?" పడవ గదిలో సంచీ కిందపెట్టకముందే కేకేశాడు యలమంద.

ఉతకడానికిచ్చిన కర్టెన్లు ఇంకా రాలేదని పడవ నడిపే సలీం నసిగాడు. అయినా అద్దాలకు ఫిల్ము అంటించామని, లోపలివాళ్ళు బయటికి కనపడరని ధైర్యం చెప్పి జారుకున్నాడు.

యలమందకు పొదిలిలో ఎరువుల కొట్టు. మిరప విత్తనాలు బాగా అమ్మినందుకు ఓ కంపెనీవాళ్ళు పదిమంది కొట్లవాళ్ళను భార్యలతో సహా కృష్ణలో ఒక రాత్రి షికారుకు తీసుకొచ్చారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయన మీసం దువ్వుకుంటూ, పెళ్ళాన్ని అదుపులో పెట్టడమెలాగో మగవాళ్ళందరికీ పాఠం చెప్పాడు. తన కాళ్ళు పట్టందే భార్య గురవమ్మకు నిద్రే పట్టదని కూడా అనేశాడు. పక్క బల్ల దగ్గర ముద్ద కలుపుతున్న గురవమ్మ అంతా విన్నది.

అసలు సంగతేమిటంటే, పాతికేళ్ళుగా రాత్రిపూట కాళ్ళు పడుతున్నది యలమందే. అది గానీ ఒక్కరి కంట పడిందా, ఇక పొదిలి బజారులో తలెత్తుకు తిరగలేడు. పైగా పక్కగదిలో దిగినవాడు దర్శి కొట్టు నాగేంద్రబాబు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు.

"నా చీరో, దుప్పటో అడ్డం కడదామండీ" అంది గురవమ్మ.

"నువ్వు చెబితే నేను వినాలా?" అన్నాడు యలమంద, పక్కగదికి వినపడేలా.

ఆమెను లోపల నిలబెట్టి చెయ్యి ఊపమన్నాడు. తను ఎర్రటి ఎండలో బయటి నడవలోకెళ్ళి అద్దానికి ముక్కు ఆనించి చూశాడు. తన మీసాలు తప్ప ఇంకేమీ కనపడలేదు. లోపలికొచ్చి, దుప్పటెందుకే పిచ్చిమొహమా అని నలుగురికీ వినపడేలా నవ్వాడు.

సాయంత్రం గురవమ్మ టీకని పైకెళ్ళి కాస్త ఆలస్యంగా వచ్చింది. ఆ తర్వాత దుప్పటి ఊసెత్తలేదు.

రాత్రి భోజనాలయ్యాయి. యలమంద తలుపు గడియ వేశాడు. గడియ పడితే చాలు, గురవమ్మ నోట 'ఏవండీ' కాస్తా 'ఏవయ్యా' అయిపోతుంది.

"ఏవయ్యా, ఆ గుడ్డిదీపం చాలదు. పెద్ద లైటు వెయ్యి. నూనె దుప్పటికి అంటుద్ది" అంది.

లైటు వేసి కిటికీ వంక చూశాడు. ఏరు లేదు, ఒడ్డు లేదు, అద్దం నిండా తన మొహమే. బయటిది తనకే కనపడనప్పుడు తను బయటివాళ్ళకెలా కనపడతాడు? మనసు కుదుటపడింది. గురవమ్మ కిటికీ పక్కనే కూర్చుని కాళ్ళు చాపింది. యలమంద నొప్పుల నూనె రాసి కుడికాలు అరగంట, ఎడమకాలు అరగంట పట్టాడు. మధ్యాహ్నం వాగిన వాగుడు సంగతేమిటని ఆమె అడిగితే, చెవులు పట్టుకుని పది గుంజీళ్ళు కూడా తీశాడు. ఆమె ఒకటీ రెండూ అని లెక్కపెట్టింది.

తెల్లారి టీకి వెళ్తే ఆడవాళ్ళంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నాగేంద్రబాబు మాత్రం ఎంతో మర్యాదగా కుర్చీ లాగాడు.

"కూర్చో బావా. పది తీశావు, మోకాళ్ళు పట్టేసుంటాయి."

యలమందకు పై ప్రాణాలు పైనే పోయాయి. టీ గ్లాసు అక్కడే పెట్టి, పడవ చివరనున్న సలీం దగ్గరికి పరుగెత్తాడు. ఏమీ కనపడదన్నావు కదరా అని చొక్కా పట్టుకున్నాడు.

సలీం బిత్తరపోయాడు. "అది పగటిపూటండీ. రాత్రి లోపల లైటేస్తే అంతా బయటికే కనపడుద్ది. నిన్న సాయంత్రం అమ్మగారు అడిగి మరీ తెలుసుకున్నారే, మీకు చెప్పలేదా?"