రౌటర్ చెప్పిన తప్పుడు లెక్క

“గుమ్మంలోనే నిలబడిపోయావేమయ్యా, లోపలికి రా! పొద్దుట్నుంచీ నీకోసం కళ్లు కాయలు కాచిపోయాయి.”

పెద్దాయన చెయ్యి పట్టుకుని లాగినంత పని చేశాడు. వచ్చిన కుర్రాడు బూట్లు విప్పుతూనే నమస్కారం పెట్టాడు.

“అదీ... నేను వచ్చిన పని ఏమిటంటే అండీ—”

“ఎందుకొచ్చావో తెలుసులే. ముందు దీని సంగతి తేల్చు,” అంటూ హాల్లో టీవీ బల్ల కింద మిణుకుమిణుకుమంటున్న రౌటర్ ముందు అతన్ని కూర్చోబెట్టాడు పెద్దాయన.

చెప్పబోయిన మాట పక్కన పెట్టి అతను రౌటర్ వైపు వంగాడు. రౌటర్లేమీ అతనికి కొత్త కాదు. ఆఫీసులో రోజూ వాటితోనే కుస్తీ. చేతులు వాటంతటవే పనిలో పడ్డాయి.

“అక్కడంతా దుమ్ము బాబూ, చొక్కా మాసిపోతుంది.” ఇల్లాలు పాత తువ్వాలు తెచ్చి పరిచింది. “సంచీ, సామానూ ఏమీ తెచ్చుకోలేదేం?”

“దీనికి ఫోన్ చాలండీ.”

పెద్దాయన తన ఫోన్ తెరిచి ముందు పెట్టాడు. ఇంట్లో ఎవరి ఫోన్ ఎంత నెట్ లాగిందో రౌటర్ రాసిపెట్టే పేజీ అది. పేర్లు ఆయనే పెట్టుకున్నాడు. ‘అమ్మ’ పక్కన చిన్న గీత. ‘నాన్న’ పక్కన అంతకన్నా చిన్నది. ‘అమ్మాయి’ గీత మాత్రం ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉంది.

“చూశావా? ఇల్లంతా ఒక ఎత్తు, మా అమ్మాయి ఒక ఎత్తు. ఇంట్లోంచే ఉద్యోగమంటూ మధ్యాహ్నమంతా తలుపేసుకుంటుంది. ఉద్యోగానికి ఇంత నెట్టెందుకయ్యా? ఎవరితోనో వీడియో కబుర్లు! అడిగితే రౌటర్‌దే తప్పంటుంది. ఒళ్లు మండి, నెట్ పీకించేస్తానన్నా.” ఆయన గొంతు తగ్గింది. “అప్పట్నుంచీ నాతో మాటల్లేవు.”

సరిగ్గా అప్పుడే గది తలుపు తెరుచుకుంది. బయటికొచ్చిన అమ్మాయి అతన్ని చూసి కొయ్యబారిపోయింది.

“ఇతనా!”

“ఏం, కుర్రాడని అనుమానమా?” అన్నాడు తండ్రి, ఎటో చూస్తూ.

అమ్మాయి తల్లి వైపు తిరిగింది. “అది కాదమ్మా... వచ్చిన పని చేయగలరా అని.”

“పని అయ్యేదాకా కదలనండీ,” అన్నాడతను, రౌటర్ వైపే చూస్తూ. అతని చెవులు ఎర్రబడ్డాయి. “ఒక్కసారి మీ ఫోన్ పూర్తిగా ఆపేస్తారా?”

ఆపేసింది. నలుగురూ పేజీ మీదకి వంగారు. ‘అమ్మాయి’ లెక్క ఆగలేదు. గంతులేసుకుంటూ పెరుగుతూనే ఉంది.

“ఫోన్ ఆపినా పెరుగుతోందంటే దెయ్యం పట్టిందేమిటి దీనికి!” అని ఇల్లాలు బుగ్గలు నొక్కుకుంది.

అతను చెవి నిక్కించాడు. పడకగదిలోంచి సన్నగా ఎవరో మాట్లాడుతున్న గొంతు వినిపిస్తోంది.

“లోపల ఎవరున్నారండీ?”

“ఎవరూ లేరే,” అంటూ పెద్దాయన వెళ్లి, దిండు పక్కనున్న ఫోన్ పట్టుకొచ్చాడు. తెరమీద ఎవరో పాత గోడగడియారం విప్పి, చక్రాలు తుడుస్తున్నారు. “నేను భోంచేసి పడుకునేముందు చూస్తుంటాలే. చూస్తూ చూస్తూ కునుకు పట్టేస్తుంది.”

“అది ఆడుతూనే ఉంటుంది, ఒకదాని తర్వాత ఒకటి,” అంది ఇల్లాలు. “మీ గురకకి అది తాళం.”

“ఈ ఫోన్...” అతను ఆచితూచి అడిగాడు, “మీరే కొన్నారాండీ?”

“కొనడమెందుకు? అమ్మాయిదే, పాతది. కొత్తది కొనుక్కున్నాక నాకిచ్చేసింది.”

అన్నాక ఆయనే ఆగిపోయాడు.

అతను మెల్లగా ఆ వీడియో ఆపాడు. ‘అమ్మాయి’ లెక్క అక్కడికక్కడే నిలబడిపోయింది.

“రౌటర్‌కి ఫోనే తెలుసండీ, అది ఎవరి చేతిలో ఉందో తెలియదు. చేతులు మారినా పేరు మారలేదు.” అంతలోనే తొందరగా అందుకున్నాడు. “అయినా తప్పంతా మీది కాదండీ! సగం రౌటర్‌దే. పడకగదిలో సిగ్నల్ అందడానికి బూస్టర్ పెట్టారు కదా, ఈ పేజీలోనే కనిపిస్తోంది. అక్కడ వాడింది బూస్టర్ దగ్గరోసారి, ఇక్కడికొచ్చాక మరోసారి లెక్కపడుతోంది.”

“ఒకే బిందెడు నీళ్లు గుమ్మంలోనూ లెక్కపెట్టి, వంటింట్లోనూ లెక్కపెట్టినట్టు,” అంది ఇల్లాలు.

“అంతేనండీ.” అతను బూస్టర్ లెక్కని పక్కకి తప్పించి, పాత ఫోన్‌కి ‘గడియారాలు’ అని పేరు పెట్టాడు. ‘అమ్మాయి’ అన్న పేరు, ఇన్నాళ్లూ పేజీ అడుగున పేరు లేకుండా పడి ఉన్న కొత్త ఫోన్‌కి వెళ్లింది. పక్కన బెత్తెడు గీత వచ్చింది.

పెద్దాయన కళ్లజోడు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకుని, కూతురి ముందుకెళ్లి నిలబడ్డాడు.

“తప్పు నాదేనమ్మా. ఆ డబ్బా మాట నమ్మాను, నీ మాట నమ్మలేదు.”

“పోనీలే నాన్నా. నువ్వు మాట్లాడకపోతే నాకు తిండే సయించలేదు.” కళ్లు తుడుచుకుంటూనే నవ్వేసింది అమ్మాయి. “ఈసారి నిద్రొచ్చేముందు వీడియో ఆపేసుకో, చాలు.”

ఆయన పట్టలేని ఉత్సాహంతో వెనక్కి తిరిగి అతని భుజం చరిచాడు.

“మా తండ్రీకూతుళ్లని కలిపావయ్యా! ఎవరి మనసూ నొచ్చుకోకుండా ఎంత నిదానంగా తేల్చావు! నీలాంటి పిల్లాణ్ణి కన్నవాళ్లు అదృష్టవంతులు.”

ఇల్లాలు టీ కప్పు అతని చేతికందిస్తుండగా గంట మోగింది. పెద్దాయన వెళ్లి తలుపు తీశాడు. బయట భుజాన బరువైన సంచీతో, చెమటలు కక్కుతూ ఒక మనిషి నిలబడి ఉన్నాడు.

“ఆలస్యమైందండీ. దారిలో ట్రాఫిక్. రౌటర్ లెక్క తప్పు చూపిస్తోందని ఫోన్ చేసింది మీరేనా?”

పెద్దాయన అతన్ని చూశాడు, ఇతన్ని చూశాడు.

“మరి నువ్వెవరు బాబూ?”

అతను టీ కప్పు కింద పెట్టి, లేచి నిలబడి, చొక్కా సర్దుకున్నాడు.

“మీ అమ్మాయిని నాకిచ్చి పెళ్లి చేస్తారా అని అడగడానికొచ్చానండీ.”