కొండ వైపా, సముద్రం వైపా

"కొండ వైపు నుంచే పోదాం" అన్నాడు టోపీ.

"సముద్రం వైపు నుంచే" అన్నాడు ఎర్రోడు.

వంటింటి బల్ల మీద తాముండే కేప్ బ్రెటన్ దీవి మ్యాపు పరిచి ఉంది. ఉత్తరాన కొండల్ని చుట్టి వచ్చే దారి అది. ఒక చివర మొదలుపెడితే బండి కొండను ఆనుకుని పోతుంది. రెండో చివర మొదలుపెడితే లోయ అంచునే, కింద సముద్రం. పోయేది రెండు రోజులకి, కొట్టుకునేది మాత్రం వారం నుంచి.

"నా ట్రక్కు బ్రేకుల సంగతి నీకు తెలీదు. స్మోకీ కొండ దిగేటప్పుడు పట్టు తప్పిందా, ముగ్గురం చస్తాం" అన్నాడు టోపీ.

"అందులో నాకు కొత్తగా వచ్చే నష్టమేముందిరా?"

స్టవ్ దగ్గర ఎర్రోడి పెళ్ళాం ఫ్లోరా చేతిలో గరిటె ఆగిపోయింది. ఎర్రోడు ఒక్కడే నవ్వాడు. ఆ నవ్వు కాస్తా దగ్గులోకి దిగింది.

ఎర్రోడంటే ఇప్పుడు ఎర్రగా ఏమీ లేడు, జుట్టు ఎప్పుడో తెల్లబడింది. టోపీ నెత్తిన టోపీ చూసి కూడా ఏళ్ళయింది. వాళ్ళ ఊరు గ్లేస్ బేలో ఒకసారి మారుపేరు పడిందంటే పడినట్టే, మనిషే మారతాడు. ఇద్దరూ అన్నదమ్ముల పిల్లలు. ఒకే గనిలో దిగారు, ఒకే రోజున పనిలోంచి తప్పుకున్నారు. సముద్రం అడుగున బొగ్గు తవ్వారే గానీ, ఆ సముద్రాన్ని పైనుంచి తీరిగ్గా చూసిన పాపాన పోలేదు. ఆకులు రంగు మారే కాలంలో ఎక్కడెక్కడి జనమో ఆ కొండల మీద పడతారు. పక్కనే ఉన్న ఎర్రోడు మాత్రం ప్రతి ఏడూ "వచ్చే ఏడు చూద్దాం లేవే" అంటూ వచ్చాడు.

వచ్చే ఏడు లేదని ఆగస్టులో తేలిపోయింది.

గని మనుషులకు ఏటా ఛాతీ ఫొటోలు తీస్తారు. ఇద్దరూ కలిసే వెళ్ళారు, టోపీ ట్రక్కులోనే. టోపీకి భేషుగ్గా ఉందన్నారు. ఎర్రోణ్ణి లోపలికి పిలిచి కూర్చోమన్నారు. కూర్చోమన్నారంటేనే అర్థం చేసుకోవాలి. ఊపిరితిత్తిలో గడ్డ. కోతకు లొంగే రకం కాదు. క్రిస్మస్ చూస్తే గొప్ప.

అప్పటి నుంచీ టోపీకి అతని మొహం చూడాలంటే సిగ్గు. బొగ్గుపొడి ఇద్దరూ సమానంగానే మింగారు, తనకేమో ఏమీ కాలేదు. అదేదో తాను చేసిన తప్పయినట్టు రోజూ వస్తాడు, కట్టెలు కొడతాడు, ఫ్లోరాను విసిగిస్తాడు. దగ్గని మగాడు ఆ ఊళ్ళోనే లేడు. అయినా టోపీ తనకు దగ్గొస్తే వరండాలోకి పోయి దగ్గి వస్తాడు, ఎర్రోడికి గుర్తుచేయడం ఎందుకని.

"రాత్రికి పడక ఎక్కడ?" అడిగింది ఫ్లోరా.

"షెటికాంప్‌లో. మా ఆవిడ పుట్టింటివాళ్ళున్నారు. చేపల పులుసు గిన్నెలకొద్దీ పోస్తారు" అన్నాడు టోపీ.

"ఆ ఫ్రెంచివాళ్ళ మంచాలు పొట్టివి" అన్నాడు ఎర్రోడు.

"నువ్వేమన్నా తాటిచెట్టంత ఉన్నావా? కాళ్ళు ముడుచుకుని పడుకో."

"మెట్లుంటే ఆయన ఎక్కలేడయ్యా టోపీ" అంది ఫ్లోరా.

"నేను మోస్తాను. ఇంతకంటే బరువులు మోశాం."

ఎర్రోడు కిటికీలోంచి చూశాడు. వీధి చివర మేపుల్ చెట్టు భగ్గుమంటోంది. "అదీ పోయేదే, నేనూ పోయేవాణ్ణే. దానికి రంగైనా వచ్చింది" అన్నాడు.

ఫ్లోరా అప్పటికే, చావుకి తొడుక్కునే నల్ల గౌను ఇస్త్రీ చేసి బీరువాలో బట్టల వెనక దాచింది. ఎర్రోడు చూశాడు. చూడనట్టు ఊరుకున్నాడు. అతనికి చావంటే భయంగానే ఉంది, పెళ్ళాంతో కూడా అనలేదు. ఆ దారి ఒక్కసారి కళ్ళారా చూస్తే చాలనుకున్నాడు. అంతకు మించి ఆశపడటానికి ఏమీ మిగల్లేదు.

"సరే, నీ ఖర్మ. సముద్రం వైపే" అన్నాడు టోపీ చివరికి.

అప్పుడు మోగింది ఫోను.

ఆసుపత్రి నుంచి. గడ్డ ఎంత పాకిందో చూస్తామని పోయిన వారం మళ్ళీ ఫొటో తీశారు. ఫ్లోరా రిసీవరు చెవికి ఆనించుకుని "ఊ" అంది. మళ్ళీ "ఊ" అంది. "ఏదీ, ఇంకోసారి చెప్పండి" అంది. ఫోను పెట్టేసి కుర్చీలో కూలబడింది.

"క్రిస్మస్ కూడా లేదంటారా?" అడిగాడు ఎర్రోడు.

"నీకేం లేదటయ్యా. గడ్డా లేదు, ఏమీ లేదు. ఆగస్టులో చూసిన ఫొటో నీది కాదట. కవర్లు తారుమారయ్యాయట."

ముందు తేరుకున్నది టోపీ. ఎర్రోడి వీపు మీద దబీమని చరిచాడు.

"ఓరి నీ దుంపతెగ! ఇన్నాళ్ళూ మా ప్రాణాలు తోడేశావు కదరా!" అంటూ కళ్ళు తుడుచుకున్నాడు. అల్మారాలోంచి రమ్ము సీసా దించాడు. "ఇప్పుడు మాత్రం కొండ వైపే. బతికేవాడికి బ్రేకులు కావాలి!"

ఎర్రోడు పగలబడి నవ్వాడు. ఆగస్టు తర్వాత అతను అలా నవ్వడం అదే మొదలు. నవ్వుతూ ఫ్లోరా వైపు తిరిగాడు. ఆమె నవ్వడం లేదు.

"పాపం, ఆ ఫొటో ఎవడిదో మరి. చెప్పారా?" అన్నాడు టోపీ గ్లాసులు వరస పెడుతూ.

"రేపు ఆ మనిషికే ఫోన్ చేస్తారట" అంది ఫ్లోరా మొగుడి కళ్ళలోకి చూస్తూ.

ఎర్రోడి నవ్వు ఆగిపోయింది.

వెనకటికి వీళ్ళ తండ్రులిద్దరూ ముచ్చటపడి తమ పెద్దకొడుకులకు తాత పేరే పెట్టుకున్నారు, ఆసుపత్రి లెక్కలో ఎర్రోడూ రోడరిక్ జోసెఫ్ మెక్‌నీలే, టోపీ కూడా రోడరిక్ జోసెఫ్ మెక్‌నీలే.