ఇద్దరి పేరునా పన్ను

"పదకొండు వేల డాలర్ల పన్నా!" వెర్నా గుద్దిన గుద్దుకి బల్లమీది చాక్లెట్ల గిన్నె ఎగిరిపడింది. "మా ఆయన రిటైర్మెంటు డబ్బంతా పన్ను ముందే కట్టే రాత్ ఖాతాలోకి మార్చాడా? వెనక్కి తిప్పెయ్యవయ్యా!"

"ఇదివరకైతే తిప్పేవాళ్లం. ఇప్పుడు చట్టం ఒప్పుకోదమ్మా," అన్నాడు పన్ను పత్రాలు రాసే లీమన్.

"చేపల గాలం కొనాలన్నా నన్నడుగుతావు కదా హార్లన్! దీనికి నోరు పడిపోయిందా?"

హార్లన్ టోపీ నలిపాడు. "మొగుడూ పెళ్లాం కలిసి పన్ను పత్రం రాస్తే పన్ను తక్కువే. ఒక్కదానివే రాస్తే బాదేస్తారు."

"నేనొక్కదాన్నే ఎందుకు రాస్తాను?"

"నేను క్రిస్మస్ దాటడం కష్టమన్నాడు డాక్టరు."

లీమన్ కళ్లు దించుకున్నాడు. వెర్నా అది చూసింది.

"ఈ కాగితాలవాడికి ముందు చెప్పావా?" కలం తీసి మొగుడి మొహాన కొట్టింది. "యాభై ఏళ్లుగా నీ పక్కనున్నది నేను, సన్నాసీ!"