మూడో అధ్యాయానికి ఆధారం

"నీకెవరు చెప్పిన్రు నాయనమ్మా? అది చెప్పు ముందు," అంది రుతుజ, ఫోన్లో రికార్డింగ్ నొక్కి మంచం మీద పెడుతూ.

మెంతికూర ఒలుస్తున్న వజ్రమ్మ తలెత్తలేదు. "ఎవరు చెప్పుడేంది? గల్లీకంత ఎర్కే."

అక్కడే వచ్చింది చిక్కు. కామాటిపురా గల్లీ అంతటికీ తెలిసినా సరే, ఎమ్మే పరిశోధన పత్రం ఫుట్‌నోట్‌లో "గల్లీ" అని రాస్తే ఒప్పుకోరు.

ముంబై కట్టడాలకు మట్టి మోసిన తెలుగు ఆడకూలీల మీద రుతుజ పత్రం రాస్తోంది. అందులో మూడో అధ్యాయమంతా ఒక్క సంఘటన మీద నిలబడింది. వజ్రమ్మ అత్తగారు, రుతుజ పుట్టకముందే పోయిన బాలమ్మ, ఒక కట్టడం పనిలో ఎండకు ఏడుస్తున్న చంటిపిల్లల్ని చూడలేక నెత్తిమీది తట్ట దించేసింది. ఆమెను చూసి మిగతా ఆడవాళ్ళూ దించేశారు. ఉయ్యాలలు కట్టేదాకా తట్ట ఎత్తేది లేదన్నారు. కాంట్రాక్టరు దిగొచ్చి పన్నెండు ఉయ్యాలలు కట్టించాడు, ఒకటి ఎర్రచీరతో, ఒకటి పచ్చచీరతో, వరుసగా. పైగా పిల్లలందరూ నిద్రపోయేదాకా తనే కూర్చుని ఊపాడట.

ఈ చివరి మాట దగ్గరే గైడు మనాలీ మేడమ్ ఎర్రపెన్ను ఆగింది. కాంట్రాక్టరు ఉయ్యాల ఊపడమేమిటని ఆవిడ అనుమానం. మొదట చెప్పిన మనిషి ఎవరో పట్టుకో, లేదంటే అధ్యాయం తీసెయ్ అంది. గడువు సోమవారం. అది తీసేస్తే పత్రంలో మిగిలేవి ముందుమాటా జనాభా లెక్కలూను.

"గానీ, ఎవరో ఒకరు చెప్పే ఉంటరు గద. నీ అత్తే చెప్పిందా?"

వజ్రమ్మ చేతిలోని కాడ పక్కన పెట్టింది. "మా అత్త నాకు తిట్లు తప్ప ఇంకేం చెప్పలే. ఆమె పోయినంక గూడ నాకు కోపం పోలే. ఒకనాడు నల్లా కాడ లక్ష్మమ్మ ఈ ముచ్చట చెప్పింది. ఇంటికొచ్చి మస్తు ఏడ్చిన. ఇసొంటి మనిషినా నేను ఇన్నేండ్లు తిట్టుకున్న అని. ఆ దినం నుంచే ఫోటోకు దండ ఏస్తున్న."

 రుతుజ రికార్డింగ్ ఆపడం కూడా మరిచిపోయి నాయనమ్మ వంకే చూస్తూ కూర్చుంది. ఇక ఆ అధ్యాయం తీసేసే ప్రసక్తే లేదనుకుంది.

కింది అంతస్తు లక్ష్మమ్మ, తన పేరు కాలేజీ పుస్తకంలో పడుతుందని తెలియగానే చీర మార్చుకొచ్చింది. ఫోటో అక్కర్లేదన్నా వినలేదు. గణపతి మండపంలో శంకర్రావు మైకులో చెప్పగా విన్నానంది. ఆయన ఏడు ఉయ్యాలలే అన్నాడనీ, ఏడుగురే పిల్లలా అని మనసొప్పక తానే పన్నెండు చేశాననీ ఒప్పుకుంది. రుతుజ పన్నెండు కొట్టేసి ఏడు రాసుకుంది.

ప్రెస్సులో అక్షరాలు కూర్చి రిటైరైన శంకర్రావుకు ఎనభై దాటాయి. ఆధారం అనే మాట వినగానే ఆయన నిటారుగా కూర్చున్నాడు.

"నేను ఉత్తగ మాట్లాడెటోన్ని కాదు బిడ్డా. అచ్చుల ఉన్నదే చెప్పిన. మన గల్లీ మండలి సంచికల ఎల్లయ్య మాస్టర్ రాసిండు. ఎవరు ఏం చెప్పిన్రో ఆళ్ళ పేరు రాయందే మాస్టర్ కలం ముంగటికి పోయేది కాదు."

రుతుజతో సహా గల్లీ పిల్లలందరికీ తెలుగు అక్షరాలు దిద్దించిన ఎల్లయ్య మాస్టారు ఇప్పుడు లేడు. శంకర్రావు దగ్గరున్న సంచిక వానలకు తడిసి ఎప్పుడో పోయింది. దాదర్‌లో తెలుగువాళ్ళ గ్రంథాలయంలో ఒక ప్రతి ఉండాలన్నాడు.

శనివారం పొద్దున్నే రుతుజ గ్రాంట్ రోడ్‌లో లోకల్ రైలు ఎక్కింది. దాదర్‌లో సంచిక దొరికింది. తెలుగు చదివి చాలాకాలమైంది కాబట్టి కూడబలుక్కుంటూ చదివింది. ముప్పయ్యొకటో పేజీలో బాలమ్మ ఉంది, తట్ట ఉంది, కాంట్రాక్టరు ఊపడమూ ఉంది. ఉయ్యాలలు మాత్రం మూడే. శంకర్రావు అచ్చులో ఉన్నదే చెప్పిన తీరుకు నవ్వుకుని, ఏడు కొట్టేసి మూడు రాసుకుంది. రచయిత పేరు, వ్యాసం పేరు, సంవత్సరం, పేజీ అన్నీ పద్ధతిగా కాగితం మీదికి ఎక్కించి నాయనమ్మకు ఫోన్ చేసింది.

"దొర్కింది నాయనమ్మా. అచ్చుల ఉన్నది."

 వజ్రమ్మ ముక్కు చీది, ఆ పేజీ జిరాక్సు తెమ్మంది. అత్త ఫోటో పక్కన అద్దం కట్టించి పెడుతుందట.

మనాలీ మేడమ్ కూడా ఫోన్లో సంతోషించింది. అంతలోనే, ఆ మాస్టారు ఎవరి దగ్గర విన్నాడో రాశాడా అని అడిగింది. రుతుజ మళ్ళీ చూసింది. ఉయ్యాల వాక్యం చివర చీమంత నాలుగు అంకె ఉంది. ఇందాక కంటపడలేదు. శంకర్రావు చెప్పిన మాట నిజమే, మాస్టారు ఎవరి పేరూ వదిలే మనిషి కాదు. గబగబా సంచిక చివరికి తిప్పింది.

గమనికలున్న చివరి పేజీలు చెమ్మకు అతుక్కుపోయాయి. గ్రంథాలయం అమ్మాయి స్కేలు పెట్టి మెల్లగా విడదీసి ఇచ్చింది. మొదటి మూడు గమనికలూ పాత పత్రికల పేర్లు, తేదీలతో సహా. రుతుజ వేలు కిందికి జరిపి నాలుగో గమనిక చదివింది.

"చెప్పినది: వజ్రమ్మ మనవరాలు రుతుజ, మూడో తరగతి."