మహారాణికి మూడు రోజుల కాపలా

లారీ కదలాలంటే ముందు మహారాణి దొరకాలి.

మహారాణి అంటే పిల్లి. ఇంటిల్లిపాదీ మంచాల కింద దూరి, బీరువాల వెనక పాకి, ఒళ్ళంతా బూజు పట్టించుకుని వెతికారు. తీరా చూస్తే అది లారీలో పరుపుల మీద ఎప్పుడో సెటిలైపోయి, కిందున్న వాళ్ళ వంక విసుగ్గా చూస్తోంది.

ఆ ఇంటాయన సిటీ బస్సు డ్రైవరు. ఇరవై రెండేళ్ళుగా ఒకటే రూటు. దారిలోని గుంతల్ని పేరు పెట్టి పిలవగలడు. మేడ మీద రెండు గదుల ఇంట్లో భార్య, తొమ్మిదేళ్ళ కూతురు, బెలూన్ని చూసినా బల్ల కింద దూరే పులి అనే కుక్క, కండక్టర్ అనే చిలక, ఒక తాబేలు, పేర్లు పెట్టేలోపే పదకొండైపోయిన కుందేళ్ళు. కింది వాటావాళ్ళ గోల పడలేక ఊరవతల పొలాల మధ్య పెద్ద పెరడున్న ఇల్లు తీసుకున్నారు.

"ఒక్కటి తగ్గినా నేను రాను," అని కూతురు ముందే షరతు పెట్టింది.

అందుకే కుందేళ్ళ గూడు లారీ ఎక్కింది. చోటు చాలక డ్రైవరుగారి వాలుకుర్చీ ఉండిపోయింది. డ్యూటీ దిగొచ్చి అందులో వాలి కళ్ళు మూశాడంటే, టీ చేతికందేదాకా తెరిచేవాడు కాదు. దాన్ని ఆ వాటాలో కొత్తగా దిగుతున్న టీచరమ్మకి అప్పగించి, మెట్లు దిగుతూ మూడుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

భార్య మాత్రం టీచరమ్మ చేతిలో తన ఫోన్ నంబరు పెట్టింది. "మా పిల్లి గానీ ఇటొస్తే కాస్త చెప్పండమ్మా. పిల్లులు మనుషుల్ని కాదు, ఇంటిని పట్టుకుని వేలాడతాయట."

ఆ మాట విని కూతురి మొహం చిన్నబోయింది. డ్రైవరుగారికి పౌరుషం వచ్చింది. మీసం మీద చెయ్యేశాడు.

"మన ఇంట్లోంచి ఒక్క ప్రాణి, ఒక్కటంటే ఒక్కటి, దారి తప్పి ఈ గుమ్మం ఎక్కిందంటే, ఈ మీసం తీసేస్తా!"

పెళ్ళైన దగ్గర్నుంచీ ఆ మీసం అంటే గిట్టని భార్య కళ్ళు మెరిశాయి. "మాట మీద ఉండాలండోయ్!"

"రైట్ రైట్!" అంది చిలక. లారీ కదిలింది.

కొత్త ఇంట్లో మొదటి గంటలోనే పులిని పక్కింటి కోడిపెట్ట పెరడంతా తరిమింది. కూతురు గడ్డిలో దొర్లి, లేచి, మళ్ళీ దొర్లింది. భార్య తలుపులన్నీ తీసి, గాలికి జుట్టంతా చెదిరిపోతుంటే పగలబడి నవ్వింది. తాబేలు సైతం బకెట్లోంచి తల బయటపెట్టి, నచ్చినట్టే ఉంది, మళ్ళీ లోపలికి లాక్కోలేదు.

మహారాణికి మాత్రం ఆ ఆనందం లేదు. డ్రైవరుగారు రెండు రోజులు సెలవు పెట్టి మరీ దానికి కాపలా కాశాడు.

"దానిది అలవాటు జబ్బే," అని కూతురికి పాఠం చెప్పాడు. "ఏదో ఆలోచించుకుంటూ బయల్దేరుతుంది. కాళ్ళు వాటంతటవే పాతింటికి లాక్కుపోతాయి. బుర్రలేని జీవం కదమ్మా! మూడు రోజులు గడప దాటకపోతే చాలు, ఇక కొత్తిల్లే తన ఇల్లనుకుంటుంది."

"మనుషులే నయం నాన్నా," అంది కూతురు.

"మరేమనుకున్నావ్!"

మూడో రోజు ఆయన సెలవు అయిపోయింది. పొద్దున్నే డ్యూటీకి వెళ్తూ గుమ్మంలో నిలబడి వేలు చూపించాడు. "ఇవాళొక్కటీ గడిస్తే గండం గట్టెక్కినట్టే. నేనొచ్చేదాకా కిటికీ కూడా తీయొద్దు!"

సాయంత్రం ఐదింటికి చూస్తే వంటింటి కిటికీ బార్లా తెరిచి ఉంది. మహారాణి లేదు.

పులి గొలుసు పట్టుకుని కూతురు పెరడంతా పరుగులు పెట్టింది. భార్య బావిలోకి కూడా తొంగిచూసింది. పాతింటికి పదకొండు కిలోమీటర్లు. దారి పొడవునా లారీలు. "నాన్న మాటిచ్చాడు," అంటూ పిల్ల వెక్కివెక్కి ఏడుస్తుంటే ఆవిడకీ ఏడుపొచ్చింది. మీసం సంగతి గుర్తే రాలేదు.

అప్పుడే ఫోన్ మోగింది.

"నేనండీ, మీ పాతింటి నుంచి, టీచర్ని..."

"వచ్చేసిందా!" భార్య గాల్లోకి ఎగిరినంత పని చేసింది. "మీకు పుణ్యముంటుంది, ముందు తలుపు మూసేయండి! గిన్నెలో కాసిని పాలు పోయండి. వాలుకుర్చీలో పడుకుందా? అయితే అస్సలు కదిలించకండి, రక్కేస్తుంది! మావారి డ్యూటీ అయిపోయే వేళే, అటునుంచటే వచ్చి తీసుకొచ్చేస్తారు."

"అది కాదండీ, మీరు కొంచెం..."

"అమ్మా!" పెరట్లోంచి కేక. "దొరికింది! కుందేళ్ళ గూట్లో నిద్రపోతోంది!"

కూతురు పరిగెత్తుకుంటూ వచ్చింది. చంకలో మహారాణి. చెవుల్నిండా గడ్డి, మొహంనిండా చిరాకు.

భార్య పిల్లిని చూసింది. ఫోన్ని చూసింది. మళ్ళీ పిల్లిని చూసింది.

"మరి... అక్కడికెవరు వచ్చారండీ?"

టీచరమ్మ గొంతు బాగా తగ్గించి చెప్పింది: "మీవారేనండీ, తీసున్న తలుపులోంచి నేరుగా లోపలికొచ్చి, వాలుకుర్చీలో వాలి, కళ్ళు మూసుకుని మీసం దువ్వుకుంటూ, 'టీ తే, అన్నట్టు ఆ బుర్రలేని పిల్లి గడప దాటలేదు కదా' అని నన్నడుగుతున్నారు!"