సీటు ఖాయమైంది

"ఈ గల్లా కాడ ఇంకో ఏడాది కూసుంటే నాకు పిచ్చి లేస్తదక్కా," అన్నాడు విజయ్.

జనగామ బజారులో వాళ్లది కిరాణం దుకాణం. తాత కూర్చున్నాడు, తండ్రి గోవర్ధన్ కూర్చున్నాడు. ఇంటర్ పాసైన దగ్గర్నుంచి విజయ్ కూర్చుంటున్నాడు. ఎదురుగా రోడ్డు మీద హైదరాబాద్ బస్సులు పోతుంటాయి. ఊరంతా ఎక్కడికో ఒకచోటికి పోతోంది, వీడు తప్ప. కందిపప్పు తూచి తూచి ప్రాణం విసిగిపోయింది.

అందుకే ఒకనాడు తండ్రి, "ఈ ఏడు నిన్ను యూనివర్సిటీల కూసోబెడ్త కొడుకా," అనగానే ఎగిరి గంతేశాడు.

చూసినవి రెండు ప్రైవేటు యూనివర్సిటీలు. ఒకటి హైదరాబాద్ దారిలో. రెండోది భూపాలపల్లి అవతల, అడవి అంచున. అక్క శ్రావ్య బీటెక్ చేసింది కనుక మంచిచెడ్డలు తేల్చే పని తనే నెత్తిన వేసుకుంది.

"మొదటిదే నయం బాపు. రెండోదాంట్ల ఫీజు గీనికి డబల్. అయినా కొలువులు వచ్చినోళ్లు తక్కువ."

గోవర్ధన్ ఒప్పుకోలేదు. ఆయన రెండుచోట్లకీ స్వయంగా పోయి చూసొచ్చాడు.

"మొదటిదాంట్ల పిల్లలు పొద్దుగాల బస్సుల వస్తరు, మాపటికి ఇంటికి వోతరు. గేటు దాటితే అన్నీ హోటళ్లే. ఏం ఫాయిదా? రెండోదాంట్ల అందరు హాస్టల్లనే ఉండాలె. ఆదివారం గూడ బయటికి ఇడువరు."

"గది జైలు బాపు! డబల్ ఫీజు గట్టి తమ్మున్ని జైల్ల ఏస్తవా?"

"ఫీజు ఎక్కువున్న కాడికే కలిగినోళ్ల పిల్లలు వస్తరు బిడ్డా. అసుంటోళ్ల నడుమ ఉంటే వీడు బాగుపడ్తడు. నాలుగేండ్లు కండ్లు మూసుకొని కూసుంటే జిందగీ సెట్టయితది."

విజయ్ తండ్రిని కొత్తగా చూశాడు. తక్కెడలో బెల్లం ముక్క ఎక్కువ పడితే వెనక్కి తీసే మనిషి, తనకోసం రెట్టింపు ఖర్చుకు సిద్ధపడ్డాడు! ఇన్నాళ్లూ పిసినారి అని లోలోపల తిట్టుకున్నందుకు సిగ్గేసింది. గేటు మూస్తే మూయనీ. ఈ గల్లా కంటే జైలే మేలు.

"గదే ఖాయం జెయ్ బాపు," అన్నాడు.

వారం తిరగకముందే గోవర్ధన్ లడ్డూల డబ్బాతో ఇంటికొచ్చాడు.

"సీటు ఖాయమైంది కొడుకా! మనకంటె ముందుగాల శానమంది అడిగిండ్రట. పెద్దసారు కాళ్లావేళ్లా పడి, నాలుగేండ్ల పైసలు ఒక్కపారే కట్టి తెచ్చిన."

ఆ రోజు దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ విజయ్ చెప్పాడు. అడక్కుండానే లడ్డూ చేతిలో పెట్టి మరీ చెప్పాడు.

బయల్దేరే పొద్దున తల్లి యశోద సంచిలో కొబ్బరికాయ, లక్ష్మీదేవి పటం సర్దింది.

"చదువుకు పోయేటోనికి సరస్వతి పటం గదనే అమ్మా?" అని శ్రావ్య నవ్వింది.

యశోద నవ్వలేదు. కొడుకు తల నిమిరి గబగబా వంటింట్లోకి వెళ్లిపోయింది.

చెల్పూర్ కరెంటు కేంద్రం పొగగొట్టాలు దాటాయి, భూపాలపల్లి దాటింది, ఆ తర్వాత చెట్లే. చివరికి ఎత్తయిన గోడ, ఇనుప గేటు. వాచ్‌మన్ తండ్రీకొడుకులిద్దర్నీ లోపలికి వదిలి మళ్లీ తాళం వేశాడు. విజయ్‌కి ఆ చప్పుడు కూడా ముద్దొచ్చింది.

ఆఫీసు దాటారు. క్లాసు గదులు దాటారు. హాస్టల్ పక్క సందులోకి తిరిగాక గోవర్ధన్ జేబులోంచి తాళంచెవి తీసి, ఒక షట్టర్‌ను బర్రున పైకెత్తాడు.

"తూర్పు మొఖాన గల్లా పెట్టుకొని కూసో కొడుకా, లోపటున్న పిల్లలందరికి గిదొక్కటే దుకాణం!"